చెక్క కోసే రంపంతో అల్యూమినియం ప్లేటు: నా అనుభవం

రౌటర్ అంటే ఇక్కడ ఇంటర్నెట్ డబ్బా కాదు, చెక్క అంచులకు నగిషీ తీసే, గాడి కొట్టే మిషన్. దాన్ని చేత్తో పట్టుకుని చెక్క మీద నడపడం ఒక పద్ధతి. బల్ల కింద తలకిందులుగా బిగించి, పైకి పొడుచుకొచ్చిన బిట్టు (తిరుగుతూ కోసే మొన) పక్కగా చెక్కను నడపడం ఇంకో పద్ధతి. చిన్న ముక్కలకు రెండోదే సుఖం. కానీ నా బల్ల పైభాగం 18 ఎంఎం ప్లై. రౌటర్‌ని నేరుగా దానికే బిగిస్తే బిట్టు చాలినంత పైకి రాదు. ప్లైని కింద నుంచి పలచగా చెక్కితే నాలుగైదు కిలోల మిషన్ బరువుకు నడుము వంగుతుంది. అందుకే బల్ల మధ్యలో చతురస్రంగా గుంట తీసి, అక్కడ పలచగా ఉన్నా వంగని లోహపు ప్లేటు దించుతారు. 6 ఎంఎం అల్యూమినియం సరిగ్గా సరిపోతుంది. రెడీమేడ్‌వి ఆన్‌లైన్లో ఉన్నాయి గానీ, నేను చూసిన వాటిలో ఏ ఒక్కదాని రంధ్రాలూ నా రౌటర్‌కి కుదరలేదు.

బెజవాడలో ఉంటూ లోహం పనికి ఇబ్బందేముంది, ఆటోనగర్ ఉందిగా అని మా బావమరిది అన్నాడు. నిజమే. లారీ బాడీ మొత్తం కట్టేసే చోట ఒక ప్లేటు కోయడం లెక్కలోకే రాదు. అయితే నాకు కావలసింది నేను తీసిన గుంటలో కదలకుండా కూర్చునే ముక్క. పెట్టి చూసి, కొంచెం రుద్ది, మళ్ళీ పెట్టి చూసి చేసుకోవాల్సిన పని అది. బల్ల పటమటలో మా మేడ మీది రేకుల షెడ్డులో, ప్లేటు ఆటోనగర్లో ఉంటే సాగదు. పైగా అల్యూమినియం కిటికీలు పెట్టేవాళ్ళు మన వరండాలోనే కూర్చుని సెక్షన్లు ఎలా కోస్తారో అందరం చూసిందే. వాళ్ళ మిషన్‌కి ఉండేది పళ్ళ చక్రం. ఆ పళ్ళకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు మొనలు అతికించి ఉంటాయి. చెక్క కోసే నా సర్క్యులర్ సా, అంటే చేత్తో నడిపే చక్రపు రంపం, దానికి ఉన్నవీ కార్బైడ్ మొనలే. అంటే చెక్క పని సామాన్లతో అల్యూమినియం కోయడం సాహసమేమీ కాదు, రోజూ ఊళ్ళో జరుగుతున్న పనే.

ఇది అల్యూమినియానికీ ఇత్తడికీ చెల్లే మాట. ఇనుముకు, స్టీలుకు చెల్లదు. చేతి సర్క్యులర్ సా నిమిషానికి 5000 చుట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. 184 ఎంఎం చక్రం అంచు ఆ లెక్కన సెకనుకు 48 మీటర్ల వేగంతో పోతుంటుంది. స్టీలు కోయడానికే చేసిన కార్బైడ్ చక్రాల మిషన్లు 14 అంగుళాల చక్రాన్ని 1300 చుట్లకు అటూ ఇటూగా తిప్పుతాయి, అంచు వేగం ఇందులో సగమే. చెక్క రంపం వేగంలో స్టీలు పెడితే మొనలు కాలిపోతాయి, ఊడి ఎగురుతాయి. నిప్పురవ్వల సంగతి వేరే చెప్పాలా, రంపపు పొట్టు పరుచుకున్న షెడ్డులో.

ప్లేటు ఆటోనగర్లో పాత సామాన్ల కొట్లో దొరికింది. అక్కడ కిలో లెక్కన అమ్మకం. నేను రెండు మూడు ముక్కలు తిప్పి చూస్తుంటే కొట్టాయన అడిగాడు.

"మెత్త సరుకు కావాలా సార్, గట్టిదా?"

"గట్టిదే ఇవ్వండి. రంపం కింద పెట్టాలి."

"అయితే ఇది తీసుకోండి, నంబరుంది చూడండి. ఆ మెరిసేది తీసుకున్నారంటే పళ్ళకి పాకంలా పట్టేస్తుంది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గిన్నెలకు వాడే దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తగా సాగుతుంది, పంటి సందుల్లో అతుక్కుంటుంది. నేను తెచ్చిన ముక్క మీద 6061 టీ6 అని అచ్చు ఉంది. మెగ్నీషియం, సిలికాన్ కలిపి, వేడితో గట్టిపరిచిన రకం. ఇది పొడిపొడిగా, పొట్టి ముక్కలుగా తెగుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 6 ఎంఎం మందం ఉన్న ముక్క కాటాలో కిలోన్నర తూగింది. ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాముల లెక్కకు సరిపోయింది. స్టీలైతే అదే ముక్క నాలుగు కిలోలు దాటేది. కొనేముందు స్టీలు స్కేలు అంచును ప్లేటు మీద మూల నుంచి మూలకు నిలబెట్టి కింద వెలుతురు వస్తుందా అని చూశాను. వంకర ప్లేటును ఇంట్లో సరిచేయడం మన వల్ల కాదు. ఆ ఒక్క విషయంలో మొహమాటపడకుండా కొట్లోనే చూసుకోవాలి.

కోతకు ముందు షెడ్డు ఊడ్చి, రంపపు పొట్టు మూటలు కట్టి కిందికి దింపేశాను. రంపానికి ఉన్న దుమ్ము సంచీ తీసేశాను. వాక్యూమ్ గొట్టం కూడా తగిలించలేదు. సంచీలో చెక్క పొట్టు ఉండగా దాని మీదకు వేడి లోహపు రజను పోవడం మంచిది కాదు.

ఒంటి మీద ఏముండాలన్నది వినడానికి చిన్న విషయం, కానీ ప్రమాదాలన్నీ అక్కడే మొదలవుతాయి. అల్యూమినియం రజను సూదుల్లా ఉంటుంది, వేడిగా ఎగురుతుంది. మామూలు కళ్ళజోడు పక్కల నుంచి లోపలికి వస్తుంది. అందుకే పక్కలు మూసిన గాగుల్స్, దాని మీద మొహమంతా కప్పే షీల్డు పెట్టుకున్నాను. చెవులకు మఫ్లు. ఒంటికి అతుక్కుని ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, బూట్లు. మే నెల ఎండలో రేకుల కింద ఇవన్నీ వేసుకోవడం నరకమే. ఆ కారణంగానే పని సంక్రాంతి వెళ్ళాక పెట్టుకున్నాను. లుంగీ, హవాయి చెప్పులతో మిషన్ ముందు నిలబడే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. ఆ అలవాటుకు లోహం ఒప్పుకోదు. చేతికి దుర్గగుడిలో కట్టిన దారం ఉంటే అది కూడా తీసి జేబులో పెట్టుకోవాలి. అమ్మవారేమీ అనుకోదు. చేతి తొడుగుల విషయంలో చాలామంది తికమకపడతారు. ప్లేటు మోసేటప్పుడు, జరిపేటప్పుడు తొడుగులు ఉండాలి, దాని అంచు బ్లేడే. రంపమో డ్రిల్లో ఆన్ చేసేటప్పుడు మాత్రం తీసేయాలి. తిరిగేది తొడుగును పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుంటుంది.

గీత గీయడానికి ప్లేటు మీద నల్ల మార్కర్ పూసి, దాని మీద మొనదేలిన ఉక్కు పుల్లతో గీశాను. నలుపులో సన్నని తెల్లగీత ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. పెన్సిల్ గీత రజను పడగానే చెరిగిపోతుంది. కొలత 298 బై 235 ఎంఎం. మూలమట్టం ఒక్క అంచుకే ఆనించి అన్ని గీతలూ అక్కడి నుంచే తీశాను. కొన్న ముక్క నాలుగు మూలలూ తొంభై డిగ్రీలే ఉంటాయని నమ్మడానికి లేదు.

ఇక బిగింపు. ఈ పనంతటిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది దీని దగ్గరే. చెక్క కోసేటప్పుడు ముక్క కొంచెం కదిలితే కోత వంకరపోతుంది, అంతే. ప్లేటు కదిలితే చక్రం దాన్ని కొరికి పట్టుకుంటుంది. అప్పుడు ఎగిరేది ప్లేటైనా కావచ్చు, మిషనైనా కావచ్చు. కాబట్టి బల్ల మీద 18 ఎంఎం పాత ప్లై ముక్క పరిచి, దాని మీద ప్లేటును రెండు వైపులా అతుక్కునే టేపుతో అతికించాను. టేపు ప్లేటు వణక్కుండా చూడటానికే, దాని మీద భారం పెట్టకూడదు. అసలు పట్టు కోసం, వృథాగా పోయే భాగంలో రెండు రంధ్రాలు వేసి మరలతో ప్లైకి దించాను. ఉంచుకునే భాగాన్ని క్లాంపులతో బల్లకు బిగించాను. మరలు కోత గీతకు బాగా దూరంగా ఉండాలి, అవి స్టీలువి. కోత పూర్తయ్యాక రెండు ముక్కలూ ఎక్కడివక్కడే ఉండాలి. ఏదీ కింద పడకూడదు, ఏదీ చక్రం మీదకు వాలకూడదు. కింద ప్లై ఉండటం వల్ల ప్లేటు అడుగంచు కూడా పెద్దగా చీరుకోదు.

రంపం నడిచే దారికి ఒక అల్యూమినియం కిటికీ సెక్షన్ ముక్కనే గైడుగా బిగించాను. గీతకు ఒకటిన్నర ఎంఎం బయట కోసేలా పెట్టుకున్నాను. ఆ కొంచెం ఆకురాయికి వదిలిన భాగం.

చక్రం గురించి నాలుగు మాటలు. చెక్కకు వాడే చక్రంలో పళ్ళు ముందుకు వాలి ఉంటాయి, చెక్కను తమ వైపు లాక్కుంటాయి. లోహం దగ్గర ఆ లాగుడే ప్రమాదం. అల్యూమినియం కోసం అమ్మే చక్రాల్లో పళ్ళు ఐదారు డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయి. ఒక పన్ను అటూ ఇటూ మూలలు చెక్కినది, తర్వాతి పన్ను చదునుది, ఇలా మార్చి మార్చి ఉంటాయి. మొదటిది మధ్యలో దారి తీస్తే రెండోది పక్కలు శుభ్రం చేస్తుంది. నేను 60 పళ్ళది కొన్నాను. ప్యాకెట్ మీద లోహం గుర్తు, గరిష్ఠ వేగం, మధ్య రంధ్రం కొలత ఈ మూడూ చూసుకోవాలి. ఇంట్లో ఉన్న 24 పళ్ళ చెక్క చక్రంతో కానిచ్చేయొచ్చు కదా అనే మాట నాకూ వినిపించింది. మొనలు కార్బైడే కాబట్టి తెగుతుంది. కానీ 6 ఎంఎం మందంలో అంత దూరం దూరంగా ఉన్న పళ్ళు ఒక్కో పన్ను వచ్చి ఢీకొట్టినట్టే ఉంటుంది. చక్రం ఖరీదు ఆదా చేసుకోవాల్సిన చోటు ఇది కాదు.

మా వీధిలో వడ్రంగుల దగ్గర నుంచి కాలేజీ పిల్లల దాకా చాలామంది చేతిలో మార్బుల్ కట్టరే ఉంటుంది. రాయి కోసే ఆ మిషన్‌కే చెక్క చక్రం తగిలించి అన్నీ కోసేస్తుంటారు. చవక, తేలిక, నిజమే. కానీ అది నిమిషానికి 12000 చుట్లు పైబడి తిరుగుతుంది. వాళ్ళు తగిలించే చాలా చక్రాల మీద రాసి ఉన్న హద్దు అంతకంటే తక్కువ. కింది నుంచి పళ్ళను మూసే గార్డు దానికి ఉండదు. యాంగిల్ గ్రైండర్‌కి పళ్ళ చక్రం పెట్టడం ఇంకా ఘోరం. అల్యూమినియం ప్లేటు విషయంలో ఈ రెండింటినీ నేను తలపెట్టను, అడిగినవాళ్ళకూ వద్దనే చెబుతున్నాను.

చక్రాన్ని ప్లేటు అడుగు దాటి మూడు ఎంఎం మాత్రమే దిగేలా లోతు పెట్టాను. ఆటోనగర్లో అల్యూమినియం పనికి కిరసనాయిలు చుక్కలు వేస్తారు. లేత్ దగ్గర, అంటే ముక్కను గిరగిరా తిప్పుతూ కోసే మిషన్ దగ్గర, అది బాగుంటుంది. చేతి మిషన్లలో మోటారు లోపలి కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పు మెరుస్తూ ఉంటుంది కాబట్టి నేను కిరసనాయిలు దగ్గరికి రానివ్వలేదు. దాని బదులు తెల్ల కొవ్వొత్తి. ప్లగ్గు తీసేసి, పళ్ళ పక్కల మీద, గీత పొడవునా కొవ్వొత్తి రుద్దాను. మైనం ఉంటే రజను పంటికి అతుక్కోదు. ప్లగ్గు తీసి ఉందని చూసుకోవడం ప్రతిసారీ చేయాల్సిందే.

కింద వాటాలో పిన్నిగారికి ముందే చెప్పాను, మధ్యాహ్నం ఒక పావుగంట గోల ఉంటుందని. "ఏం గోల బాబూ, రోజూ ఉండేదేగా" అన్నారు ఆవిడ. ఆ గోల రోజూ ఉండేది కాదని రంపం ప్లేటును తాకిన క్షణంలో అందరికీ తెలిసింది. వీధి చివరి దాకా వినిపించే కీచు. ముక్క బాగా బిగిసి ఉంటే ఆ కీచు ఒకే శ్రుతిలో సాగుతుంది. శ్రుతి మారి దడదడమందంటే ప్లేటు వణుకుతోందని అర్థం, స్విచ్ వదిలేసి, చక్రం పూర్తిగా ఆగాక చూసుకోవాలి. చక్రం పూర్తి వేగం అందుకున్నాకే ప్లేటుకు తాకించాలి. నేను చక్రానికి సూటిగా వెనక నిలబడలేదు, ఒక పక్కకు జరిగి నిలబడ్డాను. వెనక్కి తన్నితే అది వచ్చే దారిలో ఉండకూడదు. తోసే వేగం చెక్కకు తోసేదాంట్లో మూడో వంతు ఉంటుందేమో. మరీ నెమ్మదిస్తే కూడా మంచిది కాదు, పళ్ళు కోయకుండా రుద్దుతూ వేడెక్కుతాయి. రజను పలచని రేకుల్లా జల్లుగా పడుతోందంటే వేగం సరిపోయినట్టు, పొడిలా వస్తోందంటే ఇంకొంచెం తోయాలి. కోత అయ్యాక అంచు మీద వేలు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, కాలుతుంది, తెగుతుంది కూడా. ఒక్కో కోతకూ మధ్య మిషన్‌ను చల్లారనిచ్చి, మోటారు గాలి సందుల్లో చిక్కిన రజను బ్రష్‌తో దులిపాను. అల్యూమినియం కరెంటును పారనిస్తుంది. అది మోటారు చుట్టల్లోకి చేరితే మిషన్ పోవడం ఒక్కటే కాదు, షాక్ కూడా. షెడ్డు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్, ఉంది కాబట్టి కొంత ధైర్యం.

కోతలు అయ్యాక మొదటి పని అంచుల మీద లేచిన పదును తీసేయడం. కొలతలు, పెట్టి చూడటాలు అన్నీ తర్వాత. ఆకురాయిని నలభై ఐదు డిగ్రీల్లో వాల్చి నాలుగు అంచులూ, పైనా కిందా, ఒక్కసారి అలా లాగితే చాలు. తర్వాత ఎన్నిసార్లు ఎత్తి దించినా చెయ్యి తెగదు.

మూలల దగ్గర నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటి ఉంది. బల్లలో తీసే గుంటకు మూలలు గుండ్రంగా వస్తాయి, కాబట్టి ప్లేటు మూలలు కూడా అదే గుండ్రంలో ఉండాలి. కప్‌బోర్డు తలుపుల కీళ్ళకు గుంట తీసే 35 ఎంఎం బిట్టు ఇప్పుడు ప్రతి వడ్రంగి సంచీలోనూ ఉంటుంది. గుంట మూలలు దాంతోనే తీస్తే అర్ధ వ్యాసం 17.5 ఎంఎం వస్తుంది. ఇటు 6202 నంబరు బేరింగు బయటి వ్యాసం కూడా సరిగ్గా 35 ఎంఎం. బైకు మెకానిక్ దగ్గర అరిగిపోయిన 6202లు రెండు తెచ్చుకున్నాను. ప్లేటు మూలకు పైన ఒకటి, కింద ఒకటి, రెండు అంచులకూ సమంగా ఆనేలా పెట్టి వైస్‌లో బిగించాను. వైస్ దవడలకు ప్లై ముక్కలు అడ్డం, లేకపోతే ప్లేటు మీద పళ్ళ ముద్రలు పడతాయి. మూల కొసను హ్యాక్సాతో ఏటవాలుగా కోసేసి, మిగిలింది ఆకురాయితో తీస్తూ పోయాను. బేరింగు ఉక్కు ఎంత గట్టిదంటే ఆకురాయి దాన్ని తాకగానే జారిపోతుంది, కోయదు. అంటే అల్యూమినియం ఎక్కడ ఆగాలో బేరింగే చెబుతుంది. గుండ్రం కొలిచే పరికరం ఏదీ లేకుండా నాలుగు మూలలూ ఒక్కలాగే వచ్చాయి. గిరగిరా తిరగడం అయిపోయిన బేరింగుకు ఇంతకంటే మంచి ఉద్యోగం ఉండదు.

ఆకురాయితో చెక్కను రుద్దినట్టు అటూ ఇటూ రుద్దితే పని కాదు. అది ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తాలి. పళ్ళలో అల్యూమినియం ఇరుక్కుంటే ఆ ఇరుక్కున్న రవ్వ ప్లేటు మీద లోతైన గీతలు పెడుతుంది. ముందుగా ఆకురాయికి బడి సుద్ద ముక్క బాగా రుద్దితే ఇరుక్కోవడం చాలా తగ్గుతుంది. ఇరుక్కున్నదాన్ని పళ్ళ దారి వెంట వైరు బ్రష్‌తో దులపాలి. పొడుగు అంచులను చివరలో ఆకురాయిని అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని, పొడవునా నా వైపు లాగుతూ తీశాను. రంపం వదిలిన గీతలు పోయి అంచు నున్నబడింది. రంపం దగ్గర ఉన్న టెన్షన్ అంతా ఇక్కడ పోతుంది, రేడియో పెట్టుకుని చేసుకునే పని ఇది.

రంధ్రాల స్థానాలకు రౌటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పలక విప్పి, దాన్నే ప్లేటు మీద అతికించి గుర్తులు తీసుకున్నాను. బిట్టు జారకుండా సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉలితో చిన్న గుంట కొట్టి, ముందు 3 ఎంఎం రంధ్రం, తర్వాత అసలు కొలత. డ్రిల్లు వేసేటప్పుడు ప్రమాదం మొదట్లో ఉండదు, బిట్టు అడుగున బయటపడే చివరి క్షణంలో ఉంటుంది. అప్పుడు బిట్టు స్క్రూ మాదిరి దూసుకుపోయి ప్లేటును పట్టుకుంటుంది. ప్లేటు చేతిలో ఉంటే అది ఫ్యాను రెక్కలా తిరుగుతుంది, అంచులు ఎంత పదునో చెప్పాను కదా. రెండు క్లాంపులు, కింద ప్లై, చివర్లో నొక్కుడు తగ్గించడం, ఈ మూడూ ఉంటే భయం లేదు. ప్లేటును బల్లతో సమానంగా ఎత్తు దించడానికి నాలుగు మూలల దగ్గర ఎం6 మరలు పెట్టాను. దానికి 5 ఎంఎం రంధ్రం వేసి, ట్యాప్ అనే మర కోసే పనిముట్టుతో, చేత్తోనే మర తీశాను. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఇక్కడ తిరిగే మిషన్ ఏదీ లేదు కాబట్టి కిరసనాయిలు చుక్కలకు అభ్యంతరం లేదు.

మధ్యలో బిట్టు పైకి రావడానికి 50 ఎంఎం రంధ్రం. అంచున రంపపు పళ్ళున్న గిన్నెలా ఉండే హోల్ సా, రెండు రకాల ఉక్కు అతికించి చేసిన బై మెటల్ రకం, డ్రిల్లును తక్కువ గేరులో పెట్టి నిమిషానికి 250 చుట్లు మించకుండా. ఆ కోత గాడిలో రజను బయటికి పోయే దారి ఉండదు. అందుకని గాడి వచ్చే వలయం మీదే, తీసేసే భాగం వైపు, ముందే రెండు రంధ్రాలు వేసి ఉంచాను. రజను అందులోంచి కిందికి రాలిపోయింది. డ్రిల్లు పక్క హ్యాండిల్ తప్పనిసరి. హోల్ సా ఒక్కసారి బిగిస్తే మణికట్టు తిప్పేస్తుంది.

పైతలం నున్న చేయడానికి చాలామంది వెంటనే చేసే పని సాండర్ అందుకోవడం. నేను నీటితోనే చేశాను. చెక్క ముక్కకు వాటర్ పేపర్ చుట్టి, సబ్బు నీళ్ళు చల్లుతూ 180, 320, 400 నంబర్లు, గరుకు నుంచి నునుపుకు వరసగా. నల్లటి నీళ్ళు కారతాయి, పాత బనియన్లు దగ్గర పెట్టుకోవాలి. చివర్లో వంటింట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు ముక్క, ఒకే దిశలో, పొడవునా. అటూ ఇటూ తిప్పితే మరకల్లా కనిపిస్తుంది, ఒకే దిశలో లాగితే దుకాణంలో కొన్నట్టు సన్నని గీతల మెరుపు వస్తుంది. ఆ పీచు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదని మా ఆవిడ ఉత్తర్వు.

నీటితో చేయడానికి కారణం మెరుపు కాదు. అల్యూమినియం పెద్ద ముక్కగా ఉంటే నిప్పుకు లొంగదు, మెత్తటి పొడి అయితే మండుతుంది. మతాబుల్లో, కాకరపువ్వొత్తుల్లో ఆ తెల్లటి వెలుగు ఆ పొడిదే. గాలిలో చాలినంత లేస్తే పేలుతుంది కూడా. సాండర్ సంచీలో పొడి అల్యూమినియం, చెక్క పొడి కలిసి ఉండటం నాకు ఇష్టం లేదు. బెంచ్ గ్రైండర్ దగ్గరికి ప్లేటు తీసుకెళ్ళకపోవడానికి రెండు కారణాలు. మెత్తటి లోహం రాతి చక్రం రంధ్రాల్లో కూరుకుపోతుంది, చక్రం కోయడం మానేసి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. రెండోది, ఆ గ్రైండర్ కింద పేరుకున్నది ఇనుప తుప్పు పొడి. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిస్తే అదే థర్మిట్. రైలు పట్టాలను అతికించేది ఆ మిశ్రమంతోనే. మన జంక్షన్ చుట్టుపక్కల లైను పని జరిగేటప్పుడు చూసినవాళ్ళకు ఆ మంట ఎలాంటిదో తెలుసు. ఒక ప్లేటు అంచు రుద్దితే ఇంట్లో అంత పని అవుతుందని కాదు, కానీ ఆ రెండు పొడులూ ఒకే మూల పేరుకోవాల్సిన అవసరం ఏముంది?

శుభ్రం చేయడం చెక్క పనికంటే విసుగు. అయస్కాంతానికి అల్యూమినియం అంటదు. బూటు అడుగున గుచ్చుకుని మెట్ల మీదుగా హాల్లోకి వస్తుంది, ఇంట్లో అందరూ ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళే. అందుకే బూట్లు షెడ్డు గుమ్మం దగ్గరే విప్పి, తడి గుడ్డతో నేల తుడిచి, రజను విడిగా డబ్బాలో పోశాను. చెక్క పొట్టు పొయ్యిల్లోకి వెళ్తుంది, అందులో ఇది కలవకూడదు.

ప్లేటుకు పైనా కిందా మైనం పాలిష్ పట్టించి గుడ్డతో మెరిపించాను. పూత లేని అల్యూమినియం మీద లేత రంగు చెక్క జరిపితే నల్ల చారలు పడతాయి, మైనం ఉంటే పడవు. నెలకోసారి మళ్ళీ రాస్తే చాలు. గుంటలో పెట్టి, స్టీలు స్కేలు అంచు అడ్డంగా వేసి, మూల మరలు తిప్పుతూ సమం చేశాను. చుట్టూ సందు వార్తాపత్రిక కాగితం పట్టేంత.

ఒక్క పని మాత్రం ఇంట్లో చేయలేదు. మధ్య రంధ్రం చుట్టూ, చిన్న బిట్లు వాడేటప్పుడు సందు తగ్గించే రింగు కూర్చోవడానికి, సగం మందంలో 3 ఎంఎం మెట్టు తీయాలి. రౌటర్‌కి ఒంటి పన్ను అల్యూమినియం బిట్టు పెట్టి, ఒక్కో దఫా అర ఎంఎం చొప్పున తీయొచ్చని తెలుసు. కానీ ఆ మెట్టు గుండ్రంగా, అడుగు చదునుగా లేకపోతే రింగు కదులుతుంది, మొత్తం పని వృథా. అది లేత్ పని. ఆటోనగర్లో ఒక పెద్దాయన లేత్‌లో ముక్కను పట్టి తిప్పే నాలుగు దవడల చక్‌లో ప్లేటు పెట్టేముందు నాలుగు అంచుల మీదా బొటనవేలు నడిపి చూశారు.

"అంచు కొట్టే తెచ్చావే. చాలామంది కొట్టకుండానే తెచ్చి నా చేతులు కోస్తారు" అన్నారు.

"మెట్టు ఎంత వ్యాసం రావాలంటే బాబాయ్ గారూ, 60."

"రింగు తెచ్చావా? కొలత కాదు, రింగు ఇవ్వు."

రింగు 3 ఎంఎం అక్రిలిక్‌ది, ముందే కోసుకుని జేబులో పెట్టుకెళ్ళాను. ఆయన దాన్ని పక్కన పెట్టుకుని, మిషన్ ఆపి పెట్టి చూస్తూ, మళ్ళీ ఒక వెంట్రుకవాసి తీస్తూ కూర్చోబెట్టారు. వేలితో నొక్కితే దిగుతుంది, తలకిందులు చేస్తే రాలదు. తీయడానికి రింగులో వేలు దూరే చిన్న రంధ్రం ఒకటి వేసుకున్నాను.